పొగ దగ్గు, డస్ట్ దగ్గు అని పేరెట్టి కూర్చోకండి: ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఆస్తమా మీద జవాబులు రాశాక, ఈసారి ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి అడగండి అన్నాను. వచ్చిన ఉత్తరాలన్నీ చదివాక ఒక విషయం మాత్రం మనసులోంచి పోవట్లేదు. దాదాపు అందరూ దగ్గుకి ముందే ఒక పేరు పెట్టేసుకున్నారు. సిగరెట్ తాగేవాళ్ళు పొగ దగ్గు అంటున్నారు, పోర్టు వైపు ఉండేవాళ్ళు డస్ట్ దగ్గు అంటున్నారు, ఆఫీసులో కూర్చునేవాళ్ళు ఏసీ దగ్గు అంటున్నారు. పేరు దొరగ్గానే మనసు కుదుటపడిపోద్ది, ఇంక టెస్ట్ దాకా వెళ్ళరు. మన దగ్గర ఈ జబ్బుతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మూడో స్టేజీలోనో నాలుగో స్టేజీలోనో వస్తున్నారంటే దానికి ఇదొక పెద్ద కారణం. అందుకే ఈసారి కొన్ని జవాబులు కాస్త పొడుగ్గా రాశాను, ఓపిగ్గా చదవండి. ఎవరి పేర్లూ వేయట్లేదు, మన విశాఖలో ఏ ఏరియానో అది మాత్రమే.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక ఇల్లాలు): డాక్టర్ గారూ, మా ఆయనకి 54 ఏళ్ళు. కాంట్రాక్టు మీద వెల్డింగ్ పని చేస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, రోజుకి ఒక కట్ట బీడీలు అవ్వాల్సిందే. మూడు నెలల నుంచి దగ్గు తగ్గట్లేదు. మా వీధిలో క్లినిక్‌కి వెళ్తే సిరప్‌లు, యాంటీబయాటిక్‌లు ఇచ్చారు, తర్వాత ఎక్స్‌రే తీసి పైన మచ్చ ఉంది, టీబీ అన్నారు. కళ్ళె పరీక్ష ఏమీ చేయలేదు, మందులు మొదలుపెట్టేశారు, రెండు నెలలు కావస్తోంది. మనిషి సగం అయిపోయారు, గొంతు బొంగురుపోయింది, మొన్న కళ్ళెలో ఎర్రగా చార కనపడింది. నేను కంగారు పడుతుంటే 'టీబీ అన్నారు కదా, మందులు వాడుతున్నాను కదా, ఇంకేంటి' అని కసురుకుంటున్నారు. నేను అనవసరంగా భయపడుతున్నానా?

జవాబు: లేదమ్మా, మీరు భయపడటంలో తప్పేం లేదు, ఆ భయాన్ని ఈ వారంలోనే పనిలో పెట్టండి. ఇది క్యాన్సరే అని నేను అనట్లేదు, చూడకుండా ఎవరూ అనలేరు. కానీ మీరు రాసినవాటిలో మూడు విషయాలు ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పేషెంట్‌ని నేను ఉత్త సిరప్ ఇచ్చి ఇంటికి పంపను. కళ్ళెలో రక్తం చారంత పడినా సరే పడినట్టే లెక్క. కారణం లేకుండా బరువు తగ్గిపోవటం రెండోది. మూడోది గొంతు, దీన్ని చాలామంది జలుబు అనుకుని వదిలేస్తారు, కానీ స్వరపేటికని కదిలించే నరం ఎడమవైపున ఛాతీలోకి దిగి మళ్ళీ పైకి వస్తది, లోపల గడ్డ గానీ వాచిన గ్రంథులు గానీ దాన్ని నొక్కితే మాట బొంగురుపోద్ది.

టీబీ సంగతి. మన దేశంలో టీబీ అంత ఎక్కువ కాబట్టి ఎక్స్‌రేలో పైభాగంలో మచ్చ కనపడగానే డాక్టర్‌కి ముందు తట్టేది టీబీయే, చాలాసార్లు అదే కరెక్ట్ కూడా. కానీ అచ్చం అలాంటి మచ్చే క్యాన్సర్‌లో కూడా కనపడద్ది, దగ్గు, రక్తం, బరువు తగ్గటం, ఆకలి లేకపోవటం రెండింట్లోనూ ఉంటాయి. తేడా తెలిసేది కళ్ళె పరీక్షతో, సీటీ స్కాన్‌తో, అవసరమైతే చిన్న ముక్క తీసి చూసే బయాప్సీతో. కళ్ళె పరీక్షలో సీబీనాట్ అనే మెషీన్ టెస్ట్ ఉంది, గంటల్లో రిజల్ట్ వస్తది, గవర్నమెంట్‌లో ఫ్రీ. ఆ టెస్ట్ లేకుండా టీబీ మందులు మొదలై, రెండు నెలలైనా మనిషి కోలుకోకపోగా ఇంకా చిక్కిపోతుంటే, అక్కడ ఆగి మొదటి నుంచి మళ్ళీ చూడాల్సిందే. అలాగని మందులు మీ అంతట మీరు ఆపకండి, నిజంగా టీబీ అయితే మధ్యలో ఆపితే మందులకి లొంగకుండా తయారవుద్ది. పెదవాల్తేరు ఛెస్ట్ హాస్పిటల్‌కో కేజీహెచ్‌కో తీసుకెళ్ళండి. క్యాన్సర్ అని తేలితే మన అగనంపూడిలోనే హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ముంబై టాటా మెమోరియల్ వాళ్ళదే, అందరూ ముంబై పరిగెత్తక్కర్లేదు. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్ళి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో ముందే అడగండి.

వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితాలు మాత్రమే కాదమ్మా, ఎక్స్‌రే ఫిల్ములు తీసుకెళ్ళండి. బీరువా మీద, పరుపు కింద ఎక్కడో పాత ఫిల్మ్ ఉంటది, ఉద్యోగంలో చేరినప్పుడు మెడికల్ కోసం తీసిందైనా సరే, వెతకండి. కొత్తదీ పాతదీ లైట్ బాక్స్ మీద పక్కపక్కన పెట్టి చూస్తాం. ఐదేళ్ళ కిందటి ఫిల్మ్‌లో కూడా అదే చోట అదే సైజులో మచ్చ ఉంటే అది ఎప్పుడో మానిపోయిన గాయం అయ్యే ఛాన్స్ ఎక్కువ. పాతది క్లీన్‌గా ఉండి కొత్తదాంట్లో మచ్చ ఉందంటే ఇంక ఆలస్యం చేయకూడదు. ఆ ఒక్క పాత ఫిల్మ్ వల్ల కొంతమందికి సగం టెస్టులు తప్పుతాయి, కొంతమందికి ప్రాణమే దక్కుద్ది.

ఇంట్లోనే ఒకటి చూడండి. ఆయన రెండు చేతుల చూపుడువేళ్ళని గోరుకి గోరు తగిలేలా వెనక వైపులు ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోమనండి. మామూలు మనిషికి గోళ్ళ మొదట్లో చిన్న డైమండ్ ఆకారంలో సందు కనపడద్ది. ఆ సందు మూసుకుపోయి, వేళ్ళ చివర్లు ఉబ్బినట్టు, గోళ్ళు గుండ్రంగా వంగినట్టు ఉంటే డాక్టర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇది గుండె జబ్బుల్లో, వేరే ఊపిరితిత్తుల జబ్బుల్లో కూడా వస్తది, వేళ్ళు చూసి క్యాన్సర్ అని డిసైడ్ అయిపోకండి, అలాగే సందు బాగానే ఉంది కదా అని ఇంట్లో ఉండిపోకండి.

ఇంకో మాట, ఆయన చేసే పని వెల్డింగ్ అని డాక్టర్‌కి చెప్పండి. వెల్డింగ్ పొగని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో, అంటే తెస్తాయని రుజువైనవాటిలో, పెట్టింది, అదీ బీడీ కూడా కలిశాయి ఇక్కడ. బీడీ ఆకులో చుట్టింది కాబట్టి సిగరెట్ కంటే నయం అనే నమ్మకం ఒకటి ఉంది మన వైపు, అది పూర్తిగా తప్పు. ఆకు గాలి పోనివ్వదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా ఎక్కువసార్లు లాగాల్సొస్తది, తారు ఎక్కువే లోపలికి పోద్ది. 'ఇన్నేళ్ళు తాగాక ఇప్పుడు మానితే ఏం వస్తది' అంటారు, నాకు తెలుసు. బ్రిటన్‌లో డాక్టర్ల మీదే 50 ఏళ్ళు చేసిన స్టడీ ఒకటి ఉంది, రిచర్డ్ డాల్ గారిది, 2004లో చివరి రిపోర్టు వచ్చింది. 30 ఏళ్ళ వయసులో మానినవాళ్ళకి, మాననివాళ్ళకంటే సుమారు 10 ఏళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది, 50కి మానినవాళ్ళకి 6, 60కి మానినవాళ్ళకి కూడా 3. జబ్బు ఉందని తేలినా సరే మానేసినవాళ్ళకి ట్రీట్‌మెంట్ బాగా పనిచేస్తది, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు తగ్గుతాయి. ఈ లెక్క ఆయనకి చదివి వినిపించండి, గొడవ పడుతూ కాదు, అన్నం తినేటప్పుడు మామూలుగా.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి): నా వయసు 63. ఇరవై రెండో ఏట నుంచి రోజుకి పది సిగరెట్లు, నాలుగేళ్ళ కిందట మానేశాను. ఏటా మాస్టర్ చెకప్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, నార్మలే. ఇంక నాకు రిస్క్ లేనట్టేనా?

జవాబు: మానేశారు, అది మీరు చేసిన అన్నిటికంటే మంచి పని. మానేసిన పదేళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్క్ తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి వస్తది. కానీ ఎక్స్‌రే నార్మల్ అన్నదాన్ని మరీ ఎక్కువ నమ్మకండి సార్. చిన్న గడ్డలు గుండె నీడ వెనక, పక్కటెముకల వెనక దాక్కుంటే ఎక్స్‌రేలో కనపడవు. ఊపిరితిత్తి లోపల నొప్పి తెలిపే నరాలు ఉండవు కాబట్టి గడ్డ పై పొరనో ఎముకనో తాకేదాకా నొప్పి కూడా రాదు.

మీలాంటివాళ్ళకి పనికొచ్చేది తక్కువ రేడియేషన్‌తో తీసే లోడోస్ సీటీ. అమెరికాలో 53 వేల మందికి పైగా మనుషుల మీద చేసిన పెద్ద స్టడీ ఫలితం 2011లో వచ్చింది, ఎక్స్‌రే తీసినవాళ్ళతో పోలిస్తే లోడోస్ సీటీ తీసినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. అక్కడ 2021 నుంచి రూల్ ఏంటంటే వయసు 50 నుంచి 80 మధ్య, కనీసం 20 ప్యాక్ ఇయర్లు, ఇంకా తాగుతూ ఉండాలి లేదా మానేసి 15 ఏళ్ళు దాటకూడదు. ప్యాక్ ఇయర్ అంటే రోజుకి 20 సిగరెట్లు ఒక ఏడాది. మీరు రోజుకి పది చొప్పున 37 ఏళ్ళు తాగారు, అంటే సుమారు పద్దెనిమిదిన్నర, గీతకి ఇవతలే ఉన్నారు గానీ దగ్గర్లోనే ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, ఎక్కడ పనిచేశారు అన్నది కలిపి మీ డాక్టర్‌తో మాట్లాడి డిసైడ్ చేసుకోండి. ఒక హెచ్చరిక కూడా, ఆ స్టడీలో సీటీలో ఏదో ఉందని తేలినవాళ్ళలో నూటికి 96 మందికి అది క్యాన్సర్ కాదు. మన దగ్గర పాత టీబీ మచ్చలు ఎక్కువ కాబట్టి ఇలాంటి కంగారు ఇంకా ఎక్కువ. రిపోర్టులో నాడ్యూల్ (చిన్న గడ్డ) అన్న మాట చూడగానే నిద్ర మానేయకండి, చిన్నవైతే కొన్ని నెలలకి మళ్ళీ తీసి పెరిగిందా లేదా చూస్తారు.

ప్రశ్న (జ్ఞానాపురం నుంచి ఒక పాఠకుడు): పొద్దున్నే డాబా మీద చెయ్యి పెడితే అరచెయ్యి నల్లగా అయిపోద్ది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఈ బొగ్గు డస్టే పీలుస్తున్నాం, ఇంక నేను తాగే నాలుగు సిగరెట్లు మానితే ఎంత, మానకపోతే ఎంత?

జవాబు: మీ కోపం న్యాయమైనది, దాన్ని తగ్గించటానికి నేను ప్రయత్నించను. మన ఊరు చుట్టూ కొండలు, మధ్యలో ఫ్యాక్టరీలు, పోర్టు, శీతాకాలంలో గాలి కదలక పొగంతా కిందే ఉండిపోద్ది. దేశంలో గాలి నాణ్యత సరిగ్గా లేని నగరాల కోసం 2019లో కేంద్రం జాతీయ ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు ఆ లిస్టులో విశాఖపట్నం ఉంది. బయటి గాలి కాలుష్యం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే అధికారికంగా తేల్చింది, డీజిల్ పొగ గురించి అంతకు ముందు ఏడాదే చెప్పింది.

అయితే డాబా మీద మీ చేతికి అంటుకునే నల్లపొడి గురించి ఒకటి తెలుసుకోండి. కంటికి కనపడి కిందకి రాలిపోయే రేణువులు పెద్దవి, వాటిలో ఎక్కువ భాగం ముక్కులోనో గొంతులోనో చిక్కుకుంటాయి, దగ్గు, తుమ్ములు, ఆస్తమా అవస్థ వాటివల్ల ఉంటది. ఊపిరితిత్తి అడుగుదాకా పోయేది కంటికి కనపడని సన్నది, పీఎం 2.5 అంటారు, లారీల డీజిల్ నుంచి, పొయ్యిల నుంచి, చెత్త తగలబెట్టడం నుంచి వస్తది. మీ సిగరెట్ పొగ కూడా అచ్చం అంత సన్నదే, కాకపోతే అది వీధిలో గాలితో కలిసి పల్చబడకుండా నేరుగా మీ నోట్లోంచి లోపలికి పోద్ది. పొగతాగనివాళ్ళతో పోలిస్తే తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్క్ 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. కాలుష్యం వల్ల ఒక మనిషికి పెరిగే రిస్క్ నిజమే గానీ అది ఆ లెవెల్‌లో ఉండదు, ఊళ్ళో అందరికీ కొంచెం కొంచెం పెరుగుద్ది. పైగా రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నాలుగే కదా అంటున్నారు, రోజుకి ఎన్ని అన్నదానికంటే ఎన్నేళ్ళు అన్నది ఈ జబ్బులో ఎక్కువ లెక్కలోకొస్తది. గుండె సంగతైతే రోజుకి ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవాళ్ళకి పెరిగే రిస్క్‌లో దాదాపు సగం వచ్చేస్తది.

డాబా, గదులు చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి, ఊడిస్తే మళ్ళీ గాల్లోకి లేస్తది. డస్ట్‌లో పనిచేసేవాళ్ళు బట్ట కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్క్ బిగుతుగా ఉండాలి. కాలనీవాళ్ళంతా కలిసి కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, ఫొటోలు తేదీలతో పెట్టండి. ఈ ఊరి గాలి కోసం కొట్లాడండి, ఆ కొట్లాటకి ఊపిరి కావాలి కాబట్టి ఆ నాలుగూ మానేయండి.

ప్రశ్న (భీమిలి దగ్గర మత్స్యకార గ్రామం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని): మా నానమ్మ అడ్డపొగ తాగుద్ది, చిన్నప్పటి నుంచి అలవాటంట. చుట్ట వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని పనులన్నీ చేసేస్తది. పొగ బయటికి రాదు కాబట్టి ఎవరికీ ఏమీ అవ్వదు అంటది. ఊపిరితిత్తులకి ప్రమాదమా?

జవాబు: అమ్మలూ, చాలా మంచి ప్రశ్న అడిగావు, ఎందుకంటే అడ్డపొగ మన శ్రీకాకుళం, విశాఖ తీరం ఆడవాళ్ళ అలవాటు, మిగతా రాష్ట్రంలో చెబితే నమ్మరు కూడా. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా, చంకలో పిల్లాడి మీద నుసి పడకుండా, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉండేలా అలా తిప్పి పెట్టుకోవటం అలవాటైందని పెద్దవాళ్ళు చెప్తారు. చుట్ట ఎలా తాగినా పొగాకు పొగాకే, ఊపిరితిత్తులకి మంచిది కాదు. కానీ మీ నానమ్మ విషయంలో నాకు ముందు భయం అంగిలి గురించి. కాలే నిప్పు నోట్లో పైభాగానికి అంత దగ్గరగా, రోజూ, ఏళ్ళ తరబడి ఉంటది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి 1971లో ఒక పెద్ద స్టడీ అచ్చయింది, అంగిలి మీద తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, పుళ్ళు అడ్డపొగ తాగేవాళ్ళలో ఎలా వస్తాయో దాంతో ప్రపంచానికి తెలిసింది.

ఈ రోజే నానమ్మని గుమ్మంలో వెలుతురుకి కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి నోరు పెద్దగా తెరవమని, ఫోన్ టార్చ్ వేసి అంగిలి చూడు. తెల్లగా మందంగా అయిపోయి మధ్యలో ఎర్రటి చుక్కలు ఉండటం చాలామందిలో ఉంటది, అది కూడా ఒకసారి చూపించాల్సిందే. కానీ ఎర్రగా పచ్చిగా ఉన్న మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, గడ్డ, రక్తం, వీటిలో ఏది కనపడినా పళ్ళ డాక్టర్ దగ్గరికో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికో వెంటనే తీసుకెళ్ళు. నొప్పి లేదు కదా అంటది ఆవిడ, ఈ మచ్చలు మొదట్లో నొప్పి పెట్టవు. పొగ బయటికి రాదన్నది కూడా నిజం కాదు, ఆవిడ వదిలే గాలిలోనే వస్తది, ఆ గదిలోనే మీరంతా పడుకుంటారు.

ప్రశ్న (కంచరపాలెం నుంచి ఒక చెల్లెలు): మా అక్కకి 47. జీవితంలో సిగరెట్ ముట్టలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. బయాప్సీ చేస్తే పాకిపోద్దని మా అత్తగారివైపు వాళ్ళు వద్దంటున్నారు. ఇంకొందరైతే చాటుగా తాగేదేమో అని మాట్లాడుకుంటున్నారు. పిల్లల్ని ఆమె దగ్గరికి పంపట్లేదు, అంటుకుంటదేమో అని.

జవాబు: ఇది అంటుకునే జబ్బు కాదమ్మా. ఒకే కంచంలో తినొచ్చు, పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవచ్చు, ముందు పిల్లల్ని ఆమె దగ్గరికి పంపండి. చాటుగా తాగేదేమో అన్నవాళ్ళకి ఈ పేజీ చూపించండి. ఈ జబ్బు పొగతాగనివాళ్ళకి వస్తది, మన ఆసియా దేశాల్లో ఆడవాళ్ళలో మరీ ఎక్కువ చూస్తున్నాం. ఇంట్లో ఇంకొకరు తాగిన పొగ, కట్టెల పొయ్యి, బయటి గాలి, కుటుంబంలో ఎవరికైనా ఉండటం, కొన్నిసార్లు ఏ కారణమూ దొరకదు. భర్త సిగరెట్ వల్ల తాగని భార్యకి ఈ క్యాన్సర్ రిస్క్ పెరుగుద్దని జపాన్‌లో 1981లోనే చూపించారు. అయినా నేనంటాను, తాగినవాళ్ళకి వచ్చినా 'అనుభవించనీ' అనే హక్కు ఎవరికీ లేదు, ఆ మాటలకి భయపడే చాలామంది జబ్బు దాచుకుంటున్నారు.

బయాప్సీకి ఒప్పుకోండి. సూది గుచ్చితే పాకిపోద్దన్న భయంతో వారాలకి వారాలు వాయిదా వేస్తారు, ఆ వారాల్లో జబ్బు తన పని తాను చేసుకుపోద్ది. ముక్క తీయకపోతే ఏ రకమో తెలియదు, రకం తెలియకపోతే మందు తెలియదు. పొగతాగని ఆడవాళ్ళలో ఎక్కువగా వచ్చే రకంలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జీన్ మార్పులు ఉంటాయి, అవి ఉన్నాయని టెస్టులో తేలితే కీమో బదులు రోజూ వేసుకునే మాత్రతో జబ్బుని చాలాకాలం అదుపులో పెట్టే అవకాశం ఉంటది. కాబట్టి క్యాన్సర్ అని రిపోర్టు రాగానే ఆగకుండా 'మ్యుటేషన్ టెస్ట్ పంపారా' అని మీ డాక్టర్‌ని అడగండి. ఖర్చు గురించి కూడా మొహమాటం లేకుండా అక్కడే అడగండి.

నీ సంగతి కూడా చెప్తాను. సొంత అక్కకి ఉంది కాబట్టి నీకు రిస్క్ కాస్త ఎక్కువే, అలాగని రేపే స్కాన్‌కి పరిగెత్తమని కాదు, దగ్గు మూడు వారాలు దాటితే మాత్రం నువ్వు మిగతావాళ్ళకంటే ముందు వెళ్ళాలి. తలుపులన్నీ బిగించి రాత్రంతా దోమల కాయిల్ వెలిగించే అలవాటుంటే ఆపెయ్, ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్లవాటితో సమానమని 2003లో ఒక పరిశోధనలో లెక్కేశారు. దానర్థం అన్ని సిగరెట్లు తాగినంత క్యాన్సర్ అని కాదు, కానీ మూసిన గదిలో అంత పొగ ఎందుకు, దోమతెర కట్టుకో.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక పాఠకురాలు): లంగ్స్ క్లీన్ చేసే డిటాక్స్ టీ, విటమిన్ మాత్రలు అని ఫోన్‌లో యాడ్స్ వస్తున్నాయి. మా నాన్నగారు సిగరెట్ మానరు, కనీసం ఇవైనా వాడిద్దామా?

జవాబు: వద్దు. ఊపిరితిత్తిలో చేరిన తారుని కడిగే టీ ఏదీ లేదు. మాత్రల విషయంలో అయితే వద్దు అని రెండుసార్లు చెప్తాను. ఫిన్లాండ్‌లో 29 వేల మంది సిగరెట్ తాగే మగవాళ్ళకి క్యాన్సర్ రాకుండా ఉంటదేమో అన్న ఆశతో బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) మాత్రలు ఇచ్చి చూశారు, 1994లో ఫలితం వస్తే ఆ మాత్రలు వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో అలాంటి స్టడీనే మధ్యలో ఆపేశారు. క్యారెట్, బొప్పాయి, ఆకుకూరలు తినొచ్చు, ఆహారంతో ఆ సమస్య లేదు. ఊపిరితిత్తిలో దుమ్ముని పైకి నెట్టే సన్నటి వెంట్రుకలు చీపురులా పనిచేస్తాయి, సిగరెట్ పొగకి అవి మొద్దుబారిపోతాయి, మానేసిన కొన్ని వారాలకి మళ్ళీ కదులుతాయి, అందుకే కొంతమందికి మానేశాక మొదట్లో దగ్గు పెరుగుద్ది. అదే అసలు క్లీనింగ్, దానికి డబ్బులక్కర్లేదు.

ప్రశ్న (పెందుర్తి నుంచి): మా ఇంటి మీద సిమెంట్ రేకులు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటది, క్యాన్సర్ వస్తదంటున్నారు. పీకించేయాలా?

జవాబు: రేకు చెక్కుచెదరకుండా ఉంటే కింద పడుకున్నవాళ్ళకి రిస్క్ తక్కువ. కోసినప్పుడు, డ్రిల్ వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, బ్రష్‌తో గీకి కడిగినప్పుడు కంటికి కనపడని పోగులు లేస్తాయి, ప్రమాదం అవి. మార్చాల్సొస్తే నీళ్ళతో బాగా తడిపి, పగలకుండా బోల్టులు విప్పి దించమనండి, పిల్లల్ని ఆ రోజు వేరేచోట ఉంచండి, ముక్కలతో పెరట్లో మెట్లూ దడీ కట్టకండి. రేకులు కోసే పని, ఓడల్లో పాత ఇన్సులేషన్ పీకే పని చేసినవాళ్ళకి జబ్బు ఇరవై, ముప్ఫై ఏళ్ళ తర్వాత బయటపడొచ్చు, సిగరెట్ కూడా ఉంటే రిస్క్ చాలా రెట్లు పెరుగుద్ది. రిటైర్ అయిపోయినా సరే, డాక్టర్ అడక్కపోయినా సరే, ఆ పని చేశానని చెప్పండి.

ప్రశ్న (రుషికొండ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): 29 ఏళ్ళు. రోజుకి ఎనిమిది తొమ్మిది. చాలాసార్లు మానేశా, రెండో రోజే మళ్ళీ బడ్డీ దగ్గర ఉంటాను. వేప్‌కి (ఈ-సిగరెట్‌కి) మారితే ఎలా ఉంటది? ఇంట్లో ఆరు నెలల పాప ఉంది, బాల్కనీలోనే తాగుతాను.

జవాబు: తమ్ముడూ, వేప్ అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం, బయట దొరికేదాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు, దాని జోలికి వెళ్ళకు. రెండో రోజే పడిపోవటం నీ బలహీనత కాదు, నికోటిన్ ఒంట్లోంచి దిగిపోయే మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటే కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవటం, ఆకలి అన్నీ వస్తాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. తాగాలన్న కోరిక వచ్చినప్పుడు కూడా కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటది, ఆ నిమిషాలు దాటించటానికే ప్లాన్ కావాలి.

నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుద్ది. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి, ఎక్కిళ్ళు, కడుపులో మంట వచ్చి, పనిచేయదని పారేస్తారు. మెల్లగా కొన్నిసార్లు కొరుకు, నాలిక మీద మిరియాల ఘాటులాంటిది తెలియగానే నమలటం ఆపి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టు, ఘాటు పోయాక మళ్ళీ కొరికి ఇంకో వైపు పెట్టు, అలా అరగంట. గమ్‌కి ముందు పావుగంట టీ, కాఫీ తాగకు, అవి నికోటిన్‌ని లోపలికి పట్టనివ్వవు. పొద్దున లేచిన అరగంట లోపే మొదటి సిగరెట్ కావాలంటే నీకు 2 మిల్లీగ్రాములు సరిపోకపోవచ్చు, డాక్టర్‌ని కలిస్తే 4 మిల్లీగ్రాములది గానీ వేరే మాత్రలు గానీ రాస్తారు. మొదటి రెండు వారాలు బడ్డీ దగ్గర టీ మానేసి ఆఫీసు లోపలే తాగు, నీతో కిందకి దిగేవాళ్ళకి ముందే చెప్పెయ్.

బాల్కనీ గురించి. తలుపు సందుల్లోంచి పొగ లోపలికి వస్తది, నీ చొక్కాకి, చేతులకి, జుట్టుకి అంటుకుని వస్తది, ఆ చొక్కా మీదే పాపని పడుకోబెట్టుకుంటావు. ఇంటి గాలి శుభ్రంగా ఉండాలంటే మానటం ఒక్కటే దారి.

సిగరెట్ ప్యాకెట్ మీదే నంబరు అచ్చేసి ఉంటది, 1800-11-2356, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఒకసారి మాట్లాడి వదిలేయకుండా వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉన్నావో కనుక్కుంటారు. ఈ నెలలోనే ఒక డేట్ పెట్టుకో, రిలీజులూ ఆన్‌కాల్‌లూ లేని వారం చూసుకో, ముందు రోజు రాత్రే ఇంట్లో, కారులో ఉన్న ప్యాకెట్లు, లైటర్లు తీసి పారెయ్. మూడు రోజులు దాటాక నాకు ఒక లైన్ రాయి, ఎక్కడ కష్టమైందో రాస్తే వచ్చే సంచికలో అక్కడి నుంచే మాట్లాడుకుందాం.